పన్నెండో వరుస

సెక్టార్ 7, భిలాయి
2 డిసెంబరు 2024, సోమవారం

ఈ రోజు పనులు పదకొండు. అయినవి తొమ్మిది. రెండు పూటల వంట, నీళ్లు పట్టడం, ఇడ్లీ పిండి, మీ పెదనాన్న ఉన్నిబట్టలు ఎండలో వేయడం, గ్యాస్ బుకింగ్ వగైరా. మిగిలినవి రెండు: చింతపండు గింజ తీయడం, నీకు ఉత్తరం రాయడం. ఇది అయితే ఒకటే మిగులుతుంది.

చిరంజీవి శ్రుతికి, పెద్దమ్మ దీవెనలు.

నీ పార్సిలు శనివారం అందింది. పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి అట్టపెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "దీదీ, ఇస్‌మే పత్థర్ హై క్యా?" అన్నాడు. "హాఁ భయ్యా, పత్థర్ హీ హై" అన్నాను. చెన్నై నుంచి రాయి తెప్పించుకునే మనిషిని ఇదివరకు చూడలేదు కాబోలు, గేటు దాటేలోపు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

పెట్టెలో ఉన్నవి రాసుకున్నాను. ఫోటోలు అరవై, అచ్చువేసిన లెక్క కాగితాలు అరవై, నీ సూచనల కాగితం ఒకటి, రంగు ఎలా ఉంటుందో తెలియడానికి నువ్వు పెట్టిన ఎర్ర గులకరాయి ఒకటి. రాయి ఉసిరికాయంత ఉంది, నున్నగా ఉంది. చలికి ఫోటోల అంచులు చుట్టుకుపోతున్నాయి, అందుకని వాటి మీద బరువుగా పెట్టాను.

నాకు అర్థమైంది ఇది, తప్పయితే చెప్పు. మీ ప్రయోగశాలలో అద్దాల గోడలున్న పొడవాటి తొట్టి ఉంది. ఒక చివర గులకరాళ్లు ఏటవాలుగా పోసి గట్టు చేశారు. రెండో చివర నుంచి యంత్రం అలలు తోస్తుంది. పంపులు నీటిమట్టాన్ని మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి, సముద్రపు ఆటుపోట్ల మాదిరిగా. గట్టు మీద రంగు వేసిన రాళ్లు రెండువందల నలభై పెట్టారు. పైన ఎరుపు ఎనభై, మధ్యలో పసుపు ఎనభై, దిగువన నీలం ఎనభై. అరగంటకోసారి అలలు ఆపి, నీళ్లు తేటపడ్డాక పైనుంచి ఫోటో తీశారు. ఫోటో మీద గీతలు గీసి పన్నెండు వరుసలు చేశారు. ఒకటో వరుస గట్టు నెత్తి. పన్నెండో వరుస గట్టు దాటిన లోతు నీరు. ఏ వరుసలో ఏ రంగువి ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టి రాయాలి. నువ్వూ విడిగా లెక్కపెడతావు. రెండూ కలిస్తేనే మీ గైడు రాజగోపాల్ గారు ఒప్పుకుంటారు. ఏది ముందు ఫోటోయో ఏది వెనక ఫోటోయో నాకు తెలియకుండా పేకముక్కల్లా కలిపి నంబర్లు వేశావు. లెక్క తేలేదాకా ఫోన్లో ఈ సంగతి ఎత్తకూడదు, ఏదైనా ఉత్తరంలోనే.

ఈ షరతులు నాకు నచ్చాయి. మన ఇంట్లో లెక్కలకి పెన్సిలు, రబ్బరు వాడకూడదని నీకు తెలుసు. నువ్వు నాలుగో తరగతిలో మా భోజనాల బల్ల మీద భాగహారాలు చేస్తూ చెరిపితే, రబ్బరు లాక్కుని కిటికీలోంచి పారేశాను. తప్పు కొట్టేయాలి గాని చెరపకూడదు, కొట్టేసినది కూడా కనబడాలి. చిత్తు లెక్క విడిగా ఒక నోటుబుక్కులో వేసుకుంటాను. నీ కాగితాల మీదికి శుభ్రంగా ఎక్కించి పంపుతాను.

ఒక్కటి అడుగుతాను. ఈ రాళ్లు గట్టు మీద ఉంటాయా, నీళ్లలోకి పోతాయా?

ఆశీస్సులతో,
సత్యవాణి పెద్దమ్మ


చెన్నై
9 డిసెంబరు 2024

పెద్దమ్మకి నమస్కారాలు.

తెలుగులో ఉత్తరం రాసి ఆరేళ్లయింది. హిందీలో అయితే పది నిమిషాల పని. తప్పులు దిద్దుకుని నీ దగ్గరే పెట్టుకో, తిరిగి పంపకు.

నువ్వు రాసిందంతా సరిగ్గానే ఉంది. ఇంకొంచెం చెబుతాను. అల గులకరాళ్ల మీదికి వచ్చేటప్పుడు నీళ్లన్నీ కలిసి వస్తాయి. తిరిగి వెళ్లేటప్పుడు చాలా నీళ్లు రాళ్ల సందుల్లోకి ఇంకిపోతాయి. వచ్చిన నీటికున్న బలం వెళ్లే నీటికి ఉండదు. అందుకని పైకి తోసిన రాయి పైనే ఉండిపోవచ్చు. అల మరీ పెద్దదై గట్టు దాటితే అది వేరే కథ. ఆటుపోట్లు కూడా ఉంటే ఇంకో కథ, ఎందుకంటే నీటి అంచు ఒక చోట నిలవదు. ఆ మూడో కథే నా నాలుగేళ్ల పని.

నువ్వు అడిగినదానికి జవాబు చెప్పకూడదు. పోతాయని చెబితే నీ కన్ను నీళ్లలో వెతుకుతుంది, ఉంటాయని చెబితే గట్టు మీద వెతుకుతుంది. సార్ ఈ విషయంలో చాలా స్ట్రిక్ట్. కోపం తెచ్చుకోకు.

దేనికోసం అన్నది చెప్పొచ్చు. మన ఉత్తరకోస్తాలో ఒక చిన్న మత్స్యకారుల ఊరు. ఏటా కొంత ఒడ్డు సముద్రంలో కలుస్తోంది. బండరాళ్ల గోడ కట్టాలని కొందరు, గులకరాళ్ల గట్టు పోయాలని కొందరు అంటున్నారు. గోడ కడితే పడవలు లాగడానికి చోటుండదు. గట్టు పోస్తే అది నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. నా రిపోర్టు వాళ్ల దగ్గరికి వెళుతుంది. మార్చిలో నా ఫెలోషిప్ అయిపోతుంది. ఆలోపు ఈ అధ్యాయం నిలబడాలి, అది నిలబడాలంటే రెండో లెక్క కావాలి.

నిన్నే ఎందుకు అడిగానంటావా? సాఫ్ట్‌వేర్ తడి మెరుపుని పసుపు రాయి అనుకుంటోంది. మా ల్యాబులో వెంకట్‌ని అడిగితే నలభై ఫోటోలు ఒక్క మధ్యాహ్నంలో ముగించి టీకి వెళ్లిపోయాడు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు.

పెదనాన్నని అడిగానని చెప్పు.

శ్రుతి


సెక్టార్ 7, భిలాయి
23 డిసెంబరు 2024, సోమవారం

ఈ రోజు పనులు పది, అయినవి పది.

చిరంజీవి శ్రుతికి,

నీ ఉత్తరంలో తప్పులు ఏడు. నువ్వన్నట్టే నా దగ్గర పెట్టుకున్నాను.

ముప్పై కాగితాలు ఈ కవరులో ఉన్నాయి. రోజుకి రెండు చొప్పున, పదకొండు నుంచి ఒంటిగంట దాకా చేస్తున్నాను. అప్పుడైతే ఎండ బల్ల మీద సమంగా పడుతుంది. ఒక్కొక్క ఫోటో మూడుసార్లు, రంగుకి ఒకసారి. భూతద్దం పవర్ హౌస్ మార్కెట్లో కొన్నాను. తడిగా ఉన్న మామూలు రాయి ఒక్కోసారి నీలంగా కనబడుతుంది, ఫోటోని కిటికీ వైపు తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

మన పనిమనిషి నూకమ్మ చీపురు పక్కన పెట్టి నా వెనక నిలబడి చూసింది. "రాళ్లకి రంగులెయ్యడానికి సదువేటమ్మా?" అంది. నువ్వు రాసిన ఊరి సంగతి చెప్పాను. దాని పుట్టిల్లు కూడా సముద్రం ఒడ్డే. "మావోల్ల రేవుకాడ గోడ కట్టీసినారు. ఇప్పుడు పడవ నాలుగు మైళ్లవతల పెట్టుకుని నడిసొస్తన్నారు. నీ రాళ్లు నిలబడతాయేటమ్మా?" అని అడిగింది. నాకు చెప్పరే అన్నాను. "పెద్ద సదువులన్నీ అంతే" అని మళ్లీ చీపురు తీసుకుంది.

మీ పెదనాన్నకి ఈ వారం స్టీల్‌ప్లాంటులో బి షిఫ్టు, పొద్దున్నంతా ఇంట్లోనే. కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి "ఏటే, మన ఇంట్లో రాళ్లు ఏరడం బియ్యంలోనే అనుకున్నాను" అంటారు. పట్టించుకోకు.

నీ కాగితం అడుగున "మొత్తం 240" అని అచ్చు వేశావు. ముప్పైలో ఒక్కదానిలో కూడా తేడా లేదు. ప్రతి కాగితం రెండువందల నలభైకి సరిపోయింది. ఇది గొప్పకి చెప్పడం లేదు, నిశ్చింతగా ఉంటావని చెబుతున్నాను.

అడగొద్దన్నావు కనుక అడగను. కానీ పన్నెండో వరుస నిండుతోంది శ్రుతీ. ఆ ఊరి సంగతి తలచుకుంటే మనసు బాగాలేదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ


చెన్నై
2 జనవరి 2025

పెద్దమ్మకి,

ముప్పై కాగితాలు అందాయి. మిగతావి వీలైనంత త్వరగా పంపు. పన్నెండో వరుస గురించి నువ్వు ఏమీ రాయొద్దు, నేనూ రాయను. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు.

శ్రుతి


సెక్టార్ 7, భిలాయి
10 జనవరి 2025, శుక్రవారం

ఈ రోజు పనులు తొమ్మిది. అయినవి ఎనిమిది. స్వెట్టరు చేతులు అల్లడం మిగిలింది. అది నీ స్వెట్టరే.

శ్రుతికి,

నీ ఉత్తరం నాలుగు వాక్యాలు. లెక్కపెట్టాను, ఈ మధ్య అది అలవాటైపోయింది.

మిగతా ముప్పై కాగితాలు పంపుతున్నాను. ఇవీ అన్నీ సరిపోయాయి. ఆఖరి పదింటికి వెలుతురు బాగాలేదు, మూడు రోజులు మబ్బు. అందుకని వాటిని రెండేసి రోజులు విడివిడిగా చూసి, రెండు లెక్కలూ కలిశాకే ఎక్కించాను.

మీ అమ్మ ఫోన్ చేస్తే ఎత్తుతున్నావట. ఆదివారం తనే చెప్పింది, అమాయకంగా. నేను చేస్తే ఎత్తడం లేదు. షరతు రాళ్ల గురించి మాట్లాడకూడదనే కదా. నాకు అడగడానికి వేరే సంగతులు లేవనుకున్నావా? భోజనం చేశావా అని కూడా అడగకూడదని మీ రాజగోపాల్ గారు రాసిపెట్టారా?

స్వెట్టరు చెన్నైలో ఎందుకని మీ పెదనాన్న అన్నారు. ఎప్పుడైనా ఇక్కడికి వస్తుంది కదా అన్నాను.

పెద్దమ్మ


చెన్నై
20 జనవరి 2025

పెద్దమ్మకి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. నీ ముందు చెరపకూడదు కదా.

మన లెక్కలు కలవలేదు. ఒకటి నుంచి పదకొండు వరుసల దాకా ఇద్దరికీ ఒకటో రెండో తేడా, అది ఫరవాలేదు. చిక్కంతా పన్నెండో వరుసలోనే వచ్చింది. 41వ కాగితంలో ఆ వరుసలో నాకు కనబడినవి మూడు. నువ్వు ముప్పై నాలుగు రాశావు. ఒక్క కాగితం కాదు, దాదాపు అన్నీ అలాగే. నా లెక్క ప్రకారం రాళ్లు గట్టు మీదే ఉన్నాయి. నీ లెక్క ప్రకారం గట్టు కరిగి నీళ్లలోకి పోతోంది.

సార్ రెండో లెక్క పక్కన పెట్టమన్నారు. రెండో లెక్క లేకపోతే అధ్యాయం లేదు. అధ్యాయం లేకపోతే ఆ ఊరికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, నాలుగేళ్లకి చూపించడానికి కూడా ఏమీ లేదు. తొట్టిలో నీళ్లు తీసేశాం, గట్టు మాత్రం ఆఖరి అల తర్వాత ఎలా ఉందో అలాగే ఉంది. వెంకట్ ప్రయోగానికి ఆ తొట్టి కావాలి. ఫిబ్రవరి 10న గట్టు ఎత్తేస్తారు.

అడగక తప్పదు కనుక అడుగుతున్నాను. నీకు ఇంకెవరైనా సాయం చేశారా? అలసిపోయినప్పుడు లెక్కపెట్టావా? నిజం చెబితే చాలు, నేనేమీ అనుకోను.

శ్రుతి


సెక్టార్ 7, భిలాయి
28 జనవరి 2025, మంగళవారం

ఈ రోజు పనులు ఎనిమిది. అయినవి ఎనిమిది.

శ్రుతి గారికి,

మీ 20వ తేదీ ఉత్తరం అందింది. మీ ప్రశ్నలకి వరుసగా జవాబులు.

నాకు ఎవరూ సాయం చేయలేదు. అలసిపోయినప్పుడు లెక్కపెట్టలేదు. అబద్ధం రాయలేదు.

భూతద్దం, ఫోటోలు భద్రంగా ఉన్నాయి. ఫోటోలు కావాలంటే పంపుతాను. ఇంకెవరినైనా చూసుకోగలరు.

సత్యవాణి


సెక్టార్ 7, భిలాయి
3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఈ రోజు పనులు ఒకటే రాసుకున్నాను. ఈ ఉత్తరం, దీనితో పాటు నోటుబుక్కు స్పీడ్‌పోస్టులో వేయడం. తక్కినవన్నీ ఎలాగో అయిపోతాయి.

శ్రుతీ,

నిన్న ఫోన్లో రెండు ముక్కలు పంపాను, "గట్టు తీయనివ్వకు, ఉత్తరం వస్తోంది" అని. షరతు తప్పినట్టే. ఎందుకో చెబుతాను.

నిన్న ఆదివారం మీ పెదనాన్నకి సెలవు. నేను ఈ ఐదారు రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. ఆయన అది ఓర్చుకున్నారు గాని, ఉప్మాలో రెండోసారి ఉప్పు పడేసరికి అడిగారు.

"ఏటయింది నీకు?"

"ముప్పై ఏళ్లు దగ్గరకొస్తున్నాయి, ఒక్క నెల లెక్క తప్పలేదు. ఇప్పుడు పిల్ల చేత అనిపించుకున్నాను" అన్నాను. నీ ఉత్తరం చూపించాను. ఆయన చదివి, నా చిత్తు నోటుబుక్కు తెమ్మన్నారు. 41వ పేజీ తీశారు.

"ఇక్కడ పన్నెండో వరుస మూడని రాసేవు. పక్కన ముప్పై ఒకటి కలిపేవు. ఈ ముప్పై ఒకటి ఎక్కడివే?"

"కనబడనివి. వరుసలన్నీ కూడితే రెండువందల తొమ్మిదే వచ్చాయి. మొత్తం రెండువందల నలభై కావాలి కదా."

"కావాలని నీకెవరు చెప్పేరు?"

"అడుగున అచ్చు వేసి ఉంది."

"అయితే కనబడనివన్నీ సముద్రంలో దూకేశాయని నువ్వే రాసేసేవన్నమాట."

"గట్టు మీద లేకపోతే ఇంకెక్కడుంటాయి?"

ఆయన నవ్వలేదు. దానికే నాకు భయం వేసింది. తర్వాత మెల్లగా చెప్పారు. "నేను ముప్పై ఏళ్లుగా ముడి ఇనుము గుట్టలు చూస్తున్నాను. యార్డులో గుట్ట పోస్తాం, మీద ఇంకో బండి పోస్తాం. మొదటి బండిది కనబడదు. కనబడలేదని స్టాకు పోయిందని రాస్తే నన్ను ఇంటికి పంపించేసేవారు. అది గుట్ట లోపలుందే. రాళ్ల గట్టులోనూ రాళ్ల కింద రాళ్లుంటాయి. పై రాయి దొర్లి కింద రాయిని కప్పేస్తాది. అదేటంత తెలీని సంగతా?"

తెలియనిది కాదు. డబ్బాలో శనగలు పోసి కుదిపితే ఏవి అడుగుకి పోతాయో నేను రోజూ చూసేదే. కానీ కాగితం మీద "మొత్తం" అని చూడగానే నా చెయ్యి దానికది పని చేసింది. ఇంటి లెక్కలో నెలాఖరుకి తేడా వస్తే "చిల్లర" అనే గడిలో వేసి పద్దు మూసేస్తాను. ఇరవై ఎనిమిదేళ్లుగా అలాగే మూస్తున్నాను, అందుకే ఏ నెలా తప్పలేదు. ఈ అరవై కాగితాల్లో నీ పన్నెండో వరుసని నా చిల్లర గడి చేశాను. లెక్కపెట్టడంలో తప్పు చేయలేదు. లెక్క సరిపెట్టడంలో చేశాను. ఇంకెవరూ చేయని తప్పు ఇది. వెంకట్ అయితే తేడా వచ్చిందని కూడా చూసుకునేవాడు కాదు.

రబ్బరు వాడనందుకు ఒక మేలు జరిగింది. కనబడినవి ఎన్నో, నేను కలిపినవి ఎన్నో నోటుబుక్కులో రెండూ విడివిడిగా ఉన్నాయి. అంతే కాదు, ఏ కాగితంలో ఏ రంగువి ఎన్ని తక్కువయ్యాయో వెనక పేజీలో "బాకీ" అని శీర్షిక పెట్టి రాసుకున్నాను, గట్టు నాకు చూపించాల్సిన రాళ్లని. లెక్క మూసేసినా బాకీ రాసుకోవడం అలవాటు. బాకీ అన్ని కాగితాల్లో ఒకేలా లేదు. ఒకదానిలో ముప్పై ఒకటి, ఒకదానిలో పన్నెండు, 26వ దానిలో ఒక్కటే. నిజంగా నీళ్లలో కలిసిపోయినవైతే ఇలా తగ్గుతూ పెరుగుతూ ఉండవు కదా. ఏది ముందో ఏది వెనకో నాకు తెలియదు, నీకు తెలుసు. వరుసలో పెట్టి చూడు.

గట్టు తీసే ముందు ఒక్కసారి లోపల చూడు తల్లీ.

28వ తేదీ ఉత్తరం నీకు అంది ఉంటుంది. దాన్ని చించకు, కొట్టెయ్యి. కనబడుతూ ఉండనీ.

పెద్దమ్మ


చెన్నై
18 ఫిబ్రవరి 2025

పెద్దమ్మా,

"శ్రుతి గారికి" అన్న ఉత్తరం చదివి హాస్టల్ మెట్ల మీద ఒక గంట కూర్చున్నాను. అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను, నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. చెప్పే ఉంటుంది. నీ ఫోన్ ఎందుకు ఎత్తలేదో చెబుతాను. నీ మొదటి ముప్పై కాగితాలు చూడగానే తేడా తెలిసిపోయింది. ఫోన్ ఎత్తితే నా గొంతు విని నువ్వు కనిపెట్టేస్తావు, మిగతా ముప్పై నాకోసం మార్చేస్తావని భయపడ్డాను. నువ్వు మార్చవని ఇప్పుడు తెలుసు. అప్పుడూ తెలిసి ఉండాల్సింది.

నీ నోటుబుక్కు 7న వచ్చింది. నీ మెసేజ్ చూపించి 2వ తేదీ నుంచే వెంకట్‌ని బతిమాలుతున్నాను. "మీ పెద్దమ్మ ఆర్డరా?" అన్నాడు. అవునన్నాను. పది రోజులు ఆగాడు.

నీ బాకీ పేజీని నిజమైన వరుసలో పెట్టాను. పెద్దమ్మా, అది అల్లాటప్పాగా లేదు. నీరు ఎక్కుతున్న కొద్దీ బాకీ పెరుగుతోంది. నీరు దిగాక, తర్వాతి పోటు మళ్లీ అదే ఎత్తుకి వచ్చినప్పుడు వాటిలో కొన్ని బయటపడుతున్నాయి. బయటపడుతున్నవి కూడా ఎక్కడ? రెండో వరుసలో, మూడో వరుసలో. నేను గట్టు దిగువన పెట్టిన నీలం రాళ్లు. నీళ్లలోకి పోయిన రాయి గట్టు నెత్తి మీద తేలదు కదా. అలలు కింది రాళ్లని పైకి తెచ్చి, మీద ఇంకో పొర కప్పి, మళ్లీ విప్పుతున్నాయి. నాలుగేళ్లు ఆ తొట్టి పక్కనే ఉండి నేను పైపైనే చూశాను. నా కాగితాల్లో ఎప్పుడూ మొత్తం వేయలేదు, కనబడనివి లెక్కలోకి రావనుకున్నాను. "మొత్తం 240" అని అచ్చు వేసింది కూడా నేనే. పెట్టిన రాళ్లు ఎన్నో గుర్తుండటానికి వేశాను. నీలాంటి వాళ్లు దాన్ని ఎలా చదువుతారో ఆలోచించలేదు. తప్పు సగం నాది.

నీ చిత్తు లెక్కా నా లెక్కా కలిపి చూస్తే అరవైలోనూ రెండు మూడు రాళ్లకి మించి తేడా లేదు. సార్ రెండుసార్లు తిరగేసి, "రెండో లెక్క వేసినవారు ఏం చదివారు?" అని అడిగారు. ఇంటర్మీడియట్ అన్నాను. "చిత్తు పుస్తకం దాచుకునే అలవాటు ఎవరు నేర్పారో" అన్నారు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

శనివారం నుంచి మూడు రోజులు గట్టుని చేత్తో విప్పాం. పార వాడలేదు. చాప మీద కూర్చుని పొర పొరగా, ప్రతి రంగు రాయి ఎంత లోతులో ఉందో రాసుకుంటూ. మోకాళ్లు పోయాయి. ఆఖరి ఫోటో ప్రకారం గట్టు నీకు బాకీ ఉన్నవి ముప్పై ఎనిమిది: నీలం ఇరవై, పసుపు పన్నెండు, ఎరుపు ఆరు. నీలం ఇరవై దొరికాయి. పసుపు పన్నెండు దొరికాయి. ఎరుపు ఐదు. ముప్పై ఏడూ గట్టు లోపలే ఉన్నాయి, చాలావరకు నెత్తి కింద. అధ్యాయం నిలబడింది. సార్ ఈ పొద్దున సంతకం పెట్టారు.

ఆ ఊళ్లో గోడ కడతారో గట్టు పోస్తారో నా చేతిలో లేదు. తొట్టిలో గట్టు నిలిచిందని మాత్రం రాశాను. సముద్రం తొట్టి కాదని కూడా రాశాను.

ఒక ఎర్ర రాయి మాత్రం దొరకలేదు. పంపుల జల్లెడ విప్పాను, కాలవలో చూశాను. విచిత్రం ఏమిటంటే నువ్వు "ఒక్కటే తక్కువ" అని రాసిన 26వ కాగితం అన్నిటికంటే ముందు తీసిన ఫోటో, ఒక్క అల కూడా తగలకముందు. అప్పటికే ఒకటి ఎలా పోతుంది? సార్ రెండువందల నలభైలో ఒకటి వదిలెయ్యమన్నారు. నువ్వు వదలవని తెలుసు, అందుకే చెబుతున్నాను.

స్వెట్టరు పంపు. మా కంప్యూటర్ గదిలో ఏసీ భిలాయి జనవరి కంటే చల్లన.

నీ శ్రుతి


సెక్టార్ 7, భిలాయి
25 ఫిబ్రవరి 2025, మంగళవారం

ఈ రోజు పనులు పన్నెండు. అయినవి పదకొండు. పన్నెండోది ఈ ఉత్తరం.

చిరంజీవి శ్రుతికి, పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. మీ పెదనాన్నకి చదివి వినిపించాను. ఆయన గట్టు విప్పిన భాగం మళ్లీ చదవమన్నారు. "మా యార్డులో ఎవడూ చేత్తో విప్పలేదు" అన్నారు. నూకమ్మకి కూడా చెప్పాను, రాళ్లు నిలబడ్డాయని. "తొట్టిలోనే కదమ్మా" అంది. మీ రిపోర్టు మొత్తం ఆ ఒక్క మాటలో చెప్పేసింది.

ఆ ఎర్ర రాయి సంగతి నిన్న సాయంత్రం కూర్చుని ఆలోచించాను. నా నోటుబుక్కు నీ దగ్గరే ఉంది, అయినా బాకీ పేజీ నాకు చాలావరకు గుర్తుంది. నీలం బాకీ ఒక్కోసారి సున్నాకి వచ్చింది. పసుపూ వచ్చింది. ఎరుపు అరవై కాగితాల్లో ఒక్కసారి కూడా సున్నా కాలేదు. తక్కువలో తక్కువ ఒకటి. కప్పుకుపోయిన రాయి ఎప్పుడో ఒకప్పుడు బయటపడాలి. ఇది ఏ అలకీ బయటపడలేదు, అల మొదలవకముందే లేదు. అంటే గట్టు మీద ఎప్పుడూ లేదు.

ఫోటోలు నీకు తిరిగి పంపడానికి కట్ట కడదామని మీద ఉన్న బరువు తీశాను. చేతిలోకి వచ్చాక గాని తెలియలేదు. ఎనభై ఎర్ర రాళ్లకి రంగు వేసి, అందులో ఒకటి రంగు చూపించడానికని నాకు పంపావు. ఆ ఎనభై నుంచి దాన్ని తీసేయడం నువ్వు మరిచావు. పెట్టె విప్పిన రోజు "ఎర్ర గులకరాయి ఒకటి" అని రాసుకున్న నేను దాన్ని కలపడం మరిచాను. నలభై రోజులు అరవై ఫోటోల్లో భూతద్దం పెట్టి దాని కోసం వెతికాను, అది నా మోచేతి పక్కన ఆ ఫోటోల మీదే కూర్చుని ఉంది.

మీ పెదనాన్నకి చెబితే ఈసారి నవ్వారు. నవ్వనిచ్చాను.

పాత పద్దు పుస్తకాలు దించి చిల్లర గడులు తిరగేస్తున్నాను. పోయాయని రాసినవాటిలో ఎన్ని ఇంట్లోనే ఉన్నాయో ఇప్పుడు చెప్పలేను. ఇక మీదట ఆ గడికి "కనబడనివి" అని పేరు పెడుతున్నాను.

స్వెట్టరులో చుట్టి రాయి పంపుతున్నాను. పోస్టుమాన్ అడిగితే ఈసారి కూడా రాయే అని చెబుతాను.

బాకీ పేజీ చివర ఇది నీ చేత్తో రాయి, పెన్నుతో: గట్టు చూపించాల్సినవి 38. గట్టులో దొరికినవి 37. భిలాయిలో దొరికినది, ఎరుపు, 1. బాకీ తీరింది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ